సోర్స్ మధ్యలో పెట్టకు తల్లీ

శ్రావణీ,

ఐఐఎస్సీలో పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, ఫోటానిక్ క్రిస్టల్స్‌లో, అదే వరసగా సన్నని రంధ్రాలు చేసిన పలకల్లో, డిఫెక్ట్‌ల దగ్గర, అంటే ఆ వరస తప్పిన చోట, కాంతి ఎలా చిక్కుకుంటుందో సిమ్యులేషన్ చేస్తావనీ మీ నాన్న చెప్పాడు. విని పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

1987లో యబ్లోనోవిచ్, సాజీవ్ జాన్ విడివిడిగా రాసిన, ఈ క్రిస్టల్స్‌కు పునాది వేసిన పేపర్లు ముందు చదువు. మీప్, ఎంపీబీ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, వేసుకో. డిఫెక్ట్ లేని క్రిస్టల్‌కు బ్యాండ్‌గ్యాప్, అంటే కాంతి దూరలేని ఫ్రీక్వెన్సీల మేర, ఎక్కడుందో చూశాకే రంధ్రాలు పూడ్చు.

ఇక అసలు సంగతి. నా దగ్గర ఒక కుర్రాడు ప్రాజెక్టు చేశాడు, చురుకైనవాడు. వరసలో మూడు రంధ్రాలు పూడ్చి కేవిటీ, అంటే కాంతి చిక్కుకునే చోటు, కట్టాడు. సిమ్యులేషన్‌లో కాంతి పుట్టించే సోర్స్‌ను సరిగ్గా నడిమధ్యలో పెట్టాడు. ఒక మోడ్, అంటే కాంతి అక్కడ నిలిచి ఊగే ఒక తీరు, దొరికింది, బొమ్మ ఎంతో అందంగా వచ్చింది. ఇంకేముంది, అదొక్కటే ఉందని రాసేశాడు. తీరా తయారైన చిప్ కొలిస్తే స్పెక్ట్రమ్‌లో ఇంకో శిఖరం, అంటే ఇంకో మోడ్, కనబడింది. తయారీలోనే తప్పుందని చిప్ చేసినవాళ్లతో నెలల తరబడి వాదించాడు. తప్పు వాళ్లది కాదు. కేవిటీ ఎడమా కుడీ ఒకేలా ఉన్నప్పుడు కొన్ని మోడ్‌లకు ఆ మధ్యగీత మీద ఫీల్డ్ సున్నా. అక్కడ సోర్స్ పెట్టడమంటే దూలం దగ్గర తాడు పట్టుకుని ఉయ్యాల ఊపడమే. సోర్స్‌ను కాస్త పక్కకి, కాస్త పైకి జరపగానే రెండో మోడ్ బయటపడింది.

నీ గురించే ఎందుకింత భయమంటే, సంక్రాంతికి ఒక్క చుక్క వంకరపోతే ముగ్గంతా కడిగేసేదానివి. వంకరగా పెట్టమంటే నీకు చెయ్యి రాదు. అయినా పెట్టాలి, వింటున్నావా?

సిమ్యులేషన్ స్థలాన్ని గడులుగా కోసే గ్రిడ్ విషయంలోనూ బద్ధకించకు. 2003లో జపాన్‌లో నోడా బృందం అలాంటి కేవిటీలోనే చివరి రంధ్రాలను లాటిస్ దూరంలో (పక్కపక్క రంధ్రాల నడిమి దూరంలో) 0.15 వంతు జరిపి క్యూ, అంటే కాంతి ఎంతసేపు నిలుస్తుందో చెప్పే అంకె, 45,000 సాధించింది. లాటిస్ 420 నానోమీటర్లనుకుంటే ఆ జరుపు 63 మాత్రమే. నీ గ్రిడ్ గడి 42 ఉంటే ఒకటిన్నర గడి! రిజల్యూషన్ రెట్టింపు చేసి క్యూ నిలబడిందో లేదో చూడు. త్రీడీలో మూడు దిక్కులా, కాలపు అడుగుల్లోనూ రెట్టింపై పని 16 రెట్లవుతుంది, క్లస్టర్ కంప్యూటర్ల దగ్గర వంతు కోసం పడిగాపులు తప్పవు. దాని కోసం రాత్రంతా మేలుకుని కూర్చోకు, పడుకో. నీకసలే తలనొప్పి.

ఆదివారం మల్లేశ్వరం రా. పెద్దమ్మ గోంగూర పచ్చడి నూరి పెట్టింది. లాప్‌టాప్ తెచ్చుకో. గైడ్‌కు చూపించడానికి మొహమాటపడే రన్‌లే ముందు చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న