30 వేలే ఉంటే ముందు మైక్, తర్వాత లైట్, కెమెరా చివర్న

డాక్టర్ గారూ, మీరు అడిగింది ఇదీ: క్లినిక్‌లో కూర్చుని పళ్ల సంరక్షణ మీద ఐదారు నిమిషాల వీడియోలు చేయాలి, చేతిలో 30 వేలున్నాయి, సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ 1500డి దొరుకుతోంది, తీసుకోవచ్చా, మిగిలిన దాంతో మైక్, లైట్ ఏవి కొనాలి అని. నేను హనుమకొండలో జీఎస్టీ, ఇన్‌కంట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. చిన్న దుకాణాల వాళ్ల కోసం నాలుగేళ్లుగా ఇలాంటి వీడియోలే చేస్తున్నాను. ఆ కెమెరా కొనకండి. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు.

1500డికి బయటి మైక్ పెట్టుకునే సాకెట్ లేదు. నికాన్ డి3500కీ లేదు. అంటే ఎదురుగా ఉన్న కెమెరా తన సొంత మైక్‌తో ఎంత పట్టుకుంటే అంతే. లేదా గొంతు విడిగా ఫోన్‌లో రికార్డు చేసుకుని, తర్వాత రెండిటినీ అతకాలి. రోజంతా పేషెంట్లను చూసి వచ్చి ఆ పని పెట్టుకుంటే మూడో వీడియోకే విసుగొస్తుంది.

నేనూ కెమెరాతోనే మొదలుపెట్టాను. బొమ్మ చక్కగా వచ్చింది. నెలనెలా వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను) గడువు 11వ తేదీ, మూడు నెలలకోసారి వేసేవాళ్లకి 13వ తేదీ అని చెప్పిన వీడియో అది. మర్నాడే ఒక కిరాణా కొట్టాయన ఫోన్ చేశారు. "అన్నా, పదకొండా, పదమూడా? బాయిలకెళ్లి మాట్లాడినట్టున్నది" అన్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నిజమే. కింద టైల్స్, నాలుగు వైపులా బోసి గోడలు. ప్రతి మాటా గోడకి కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతోంది. చెప్పేదే వినపడనప్పుడు నా మొహం ఎంత స్పష్టంగా ఉంటే ఏం లాభం?

మీ క్లినిక్‌లో కూడా ఇదే ఉంటుంది. కడగడానికి వీలుగా టైల్స్ వేసి ఉంటారు. గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. 'టింగ్' అని ప్రతిధ్వని తోక వినిపిస్తే ఏ మైక్ కొన్నా ఆ తోక రికార్డవుతుంది. నేను మా వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు రెండు తెచ్చి, గోడకి అంటించకుండా బెత్తెడు దూరంలో దండెం మీద వేలాడదీశాను. గోడకి, బట్టకి మధ్య కాస్త గాలి ఉంటే శబ్దాన్ని ఇంకా బాగా పీల్చుకుంటుంది. ఒకటి నా ఎదురుగా కెమెరా వెనక, ఇంకోటి పక్కన. కింద చాప మీద పాత బొంత. ఇవేవీ వీడియోలో కనపడవు. మీ ఇంట్లో బొంతలుంటే ఆ ఖర్చు కూడా అక్కర్లేదు. రికార్డు చేసేటప్పుడు మీ డెంటల్ చెయిర్ కంప్రెసర్, ఫ్యాన్, ఏసీ ఆపేయాలి. ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా కష్టమే, అందుకే రెండేసి నిమిషాల ముక్కలుగా చెప్పి మధ్యలో ఫ్యాన్ వేసుకుంటాను.

మైక్ విషయానికొస్తే, బోయా బీవై-ఎం1 అనే తీగ ఉన్న కాలర్ మైక్ నాకు వెయ్యి లోపే పడింది. తీగ 6 మీటర్ల పొడవు కాబట్టి ఫోన్ ఎంత దూరాన పెట్టినా సరిపోతుంది. దాని మీద చిన్న మీట ఉంటుంది, ఫోన్‌కి ఒక వైపు, కెమెరాకి ఒక వైపు. గడ్డానికి జానెడు కింద పెట్టుకోండి. మీరు చీర కట్టుకుంటే పట్టు కన్నా నూలు మేలు, పట్టు కొంగు కదిలితే గరగరమంటుంది. మెడలో గొలుసు, నల్లపూసలు మైక్‌కి తగలకుండా చూసుకోవాలి. మా ఆవిడ ఒక వీడియోలో మాట్లాడినప్పుడు మొదటి టేకంతా టిక్కు టిక్కుమంటూనే ఉంది. ఎక్కడిదా అని చూస్తే పూసలు. మైక్ కింద తీగను చిన్న సున్నాలా చుట్టి లోపలి వైపు టేప్ వేస్తే, తీగ లాగినప్పుడు వచ్చే చప్పుడు కూడా పోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పక తీసుకోండి. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఇయర్‌ఫోన్ రంధ్రం లేదు, టైప్-సి కన్వర్టర్ పెట్టాలి. చవక కన్వర్టర్లలో కొన్ని పాట వినిపిస్తాయి గానీ మైక్‌ని లోపలికి తీసుకోవు. ఫోన్ ఏమీ చెప్పకుండా తన సొంత మైక్‌తో రికార్డు చేసేస్తుంది. నాకు మూడు వీడియోలు అలా పోయాయి. అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను: రికార్డు పెట్టి కాలర్ మైక్‌ని గోటితో మెల్లగా గీరి, వెంటనే వింటాను. ఆ గీకుడు చెవిలో గట్టిగా పడితేనే మొదలుపెడతాను. తీగ అడ్డమనిపిస్తే వైర్‌లెస్ కొనుక్కోవచ్చు, కానీ మరీ చవకవాటిలో నాయిస్ తగ్గించే బటన్ నొక్కితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. దాన్ని ఆపి వాడండి.

ఇక లైటు. పంటికి క్యాప్ వేసేటప్పుడు షేడ్ గైడ్ (పంటి రంగుల నమూనాల పట్టీ) పట్టుకుని పగటి వెలుతురులో రంగు సరిచూస్తారు కదా, ఇక్కడా అదే సూత్రం. లైటు పెట్టె మీద సీఆర్‌ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె, 95 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉందో లేదో చూడండి. అది తక్కువుంటే మొహం పాలిపోతుంది, చిగుళ్ల రంగు మారిపోతుంది. ఇంకొకరికైతే సర్దుకుపోవచ్చేమో గానీ పళ్ల డాక్టరు వీడియోలో పళ్ల రంగు తేడాగా ఉండకూడదు. నా 60 వాట్ల ఎల్‌ఈడీ, దాని ముందు వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టె (సాఫ్ట్‌బాక్స్), స్టాండు కలిపి సుమారు 12 వేలయ్యాయి. లైటులో ఫ్యాన్ ఉంటే కొట్లోనే వేయించి దాని మోత వినండి. దగ్గరగా పెట్టుకోవడంలోనే అంతా ఉంది: దూరం సగం చేస్తే మొహం మీద వెలుగు నాలుగింతలవుతుంది, నీడలు కూడా మెత్తబడతాయి. కంటి కన్నా కాస్త ఎత్తులో, ఓ పక్కగా పెట్టి, రెండో పక్క తెల్ల థర్మాకోల్ షీటు నిలబెట్టండి. సినిమా షూటింగుల్లో లైట్‌మెన్ వాడేది కూడా అదే షీటు. కళ్లజోడుంటే రింగ్ లైట్ వద్దు, కళ్ల మీద రెండు సున్నాలు కనపడతాయి.

పై ట్యూబులైట్లు ఆర్పేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, వీడియోలో నల్లటి అడ్డపట్టీలు పాకుతాయి. ఫోన్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే షట్టర్ స్పీడు సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే యాప్ ఉచితం, మీ ఫోన్‌కి వస్తుందేమో చూడండి.

ఫోన్ వెనక కెమెరానే వాడండి, కంటి ఎత్తులో ట్రైపాడ్ మీద. మరీ దగ్గరికి తెస్తే ముక్కు పెద్దదవుతుంది, నిలువెడు దూరం వెనక్కి పెట్టి రెండింతలు జూమ్ చేసుకోండి. లెన్స్‌ని మెత్తటి గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు ఉంటే లైటు వెలుగంతా పొగమంచులా పరుచుకుంటుంది. ట్రైపాడ్‌కి 1500, మంచి కన్వర్టర్‌కి మరో 600 వేసుకున్నా మీకు ఇంకా సుమారు 15 వేలు మిగులుతాయి. వాటిని అలాగే ఉంచండి. ఇరవై వీడియోలయ్యాక ఫోన్ నిజంగా అడ్డమొస్తోందనిపిస్తే అప్పుడు సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటిది, మైక్ సాకెట్ ఉన్నది చూద్దాం.

ముందు ఆ చప్పట పరీక్ష చేయండి. ఈ ఆదివారం కంప్రెసర్ ఆపి ఒక్క నిమిషం ఫోన్‌తోనే మాట్లాడి పంపితే, గదికి ఎన్ని బొంతలు కావాలో విని చెబుతాను.