అంటించిన ప్యాచ్‌లు ఊడుతున్నాయా?

ప్రశ్న: మావాడికి హెవీ మెటల్ సంగీతమంటే పిచ్చి. కొత్త జీన్స్ జాకెట్ చేతులు కత్తిరించి, బ్యాండ్ల పేర్లున్న గుడ్డ ప్యాచ్‌లు ఇస్త్రీపెట్టెతో అంటించాడు. రెండు ఉతుకులకే అంచులు లేచాయి, గుడ్డ ముడతలు పడింది. టైలరేమో కుట్టనంటున్నాడు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: దీన్ని బ్యాటిల్ జాకెట్ అంటారు. 1980ల నాటికే బ్రిటన్ మెటల్ కుర్రకారుకు ఇది యూనిఫాం లాంటిది. టైలర్‌ది మొండితనం కాదండీ, ప్యాచ్ వెనకుండే జిగురు సూదికి పట్టుకుని దారం తెగుతుంది. వేడికి కరిగే జిగురు ఉతుకులకు, చెమటకు ఆగదు. ముడతల సంగతి వేరు: ఉతకని నూలు డెనిమ్ నీళ్లు తగిలాక కుంచించుకుపోతుంది, పాలియెస్టర్ ప్యాచ్ కుంచించుకోదు.

పలుచటి గుడ్డ పరచి ఇస్త్రీపెట్టెతో వేడిచేస్తూ ప్యాచ్‌లు ఊడదీయండి. జాకెట్‌ను రెండుసార్లు ఉతికి ఆరనివ్వండి. అబ్బాయి తొడుక్కుని ఉండగా చోట్లు సుద్దతో గుర్తుపెట్టండి. బల్లమీద సరిగ్గా కనిపించింది ఒంటిమీద పక్కకు పోతుంది. ముందు వీపు మీది పెద్ద ప్యాచ్, తర్వాతే చిన్నవి. పిన్నులు గుచ్చి, పాలియెస్టర్ దారం రెండు పోగులతో 3-4 మిల్లీమీటర్లకో కుట్టు వేయాలి. దారం బిగలాగితే మళ్లీ ముడతే. జేబు మీద కుట్టేటప్పుడు లోపల అట్టముక్క పెట్టండి, లేదంటే జేబు మూసుకుపోతుంది.

కుట్టు మాత్రం వాణ్ణే వేసుకోనివ్వండి. వంకరగా వచ్చినా ఆ గుంపులో దానికే గౌరవం!