దూసుకొచ్చే అణు క్షిపణి మీదికి నాలుగు ఇంటర్‌సెప్టర్లు (దాన్ని దారిలోనే కూల్చే క్షిపణులు) వేస్తే 94 శాతం రక్షణ అన్న లెక్క నిజమేనా?

ఒక్కోటి తగిలే అవకాశం సగమే అనుకుంటే, నాలుగూ తప్పే అవకాశం 6.25 శాతం. మిగిలిన 93.75నే 94 అంటున్నారు. కానీ ఒకటి తప్పడానికీ మరొకటి తప్పడానికీ సంబంధం లేనప్పుడే ఇది చెల్లుతుంది. అసలు తిరకాసు ఇక్కడే. భీమవరం వైపు రొయ్యల చెరువుకి నాలుగు ఏరేటర్లు పెట్టి, అన్నీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌కి కలిపితే, అది కాలిన రాత్రి నాలుగూ ఆగుతాయి, తెల్లారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అలాగే మోసగించడానికి శత్రువు వదిలిన ఉత్తుత్తి బెలూన్‌ని రాడార్ వార్‌హెడ్ (క్షిపణి మోసుకొచ్చే బాంబు) అనుకుంటే నాలుగూ దాని వెంటే పోతాయి.

పోనీ 94 నిజమే అనుకుందాం. పది వార్‌హెడ్లొస్తే ఒక్కటీ జారకుండా ఆపే అవకాశం 52 శాతమే! అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ జీఎండీకున్న 44 ఇంటర్‌సెప్టర్లు నాలుగేసి చొప్పున 11 వార్‌హెడ్లకే సరి. అవతలివాళ్లు పన్నెండోది చేసుకుంటారు. ఇలాంటి రక్షణ వ్యవస్థలకి హద్దు పెడుతూ అమెరికా, సోవియట్ యూనియన్ 1972లో చేసుకున్న ఏబీఎం ఒప్పందం ఈ పోటీకి పగ్గం వేయడానికే. 2002లో అమెరికా బయటికొచ్చేసింది.