టెన్నిస్ జట్టు చూసి కాలేజీలో చేరే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మడూ,

నీ మెయిలూ, మూడు కాలేజీల వివరాలూ చదివాను. టెక్సస్‌లో మీ ఫ్రిస్కో ఇంట్లోనే ఉండి వెళ్లొచ్చే కాలేజీ ఒకటి, తూర్పు టెక్సస్‌లో హాస్టలు కూడా ఇస్తామంటున్నది ఒకటి, ఇక్కడ కాలిఫోర్నియాలో, శాన్ హోసేలో నా దగ్గరుండి చదవడం మూడోది. ఏది మంచిదో చెప్పమన్నావు. నేను కమ్యూనిటీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నా క్లాసుల్లో ప్రతి సెమిస్టరూ ఆటగాళ్లు ఉండేవాళ్లు. కోచ్‌లు వాళ్లను కోర్టులో చూస్తే నేను మిడ్‌టర్మ్ పేపర్లలో చూశాను. అందుకని చెప్తున్నాను, ఆ కాలేజీ ఎన్ని కప్పులు గెలిచిందో చూడకు. అక్కడ రెండేళ్లు ఆడిన పిల్లలు మూడో ఏడాది ఎక్కడున్నారో చూడు. కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల కాలేజీ, డిగ్రీకి అక్కడి నుంచి నాలుగేళ్ల యూనివర్సిటీకి మారాలి. బయటికి వెళ్లే దారి బాగుంటేనే లోపలికి వెళ్లడం.

ఈ సంగతి తెలుసుకోవడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. కాలేజీ అథ్లెటిక్స్ సైట్లలో పాత రోస్టర్లు, అంటే జట్టు సభ్యుల జాబితాలు, కూడా మామూలుగా ఉంచుతారు. రెండేళ్ల కిందటిది, పోయినేడాదిది, ఈ ఏడాదిది ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టుకో. ప్రతి పేరు పక్కనా ఫ్రెష్‌మనా (మొదటి ఏడాది), సోఫమోరా (రెండో ఏడాది) అని రాసి ఉంటుంది. ఫ్రెష్‌మన్ పేర్ల కింద గీత గీసి, మరుసటి ఏడాది అవే పేర్లు సోఫమోర్లుగా కనబడుతున్నాయేమో చూడు. ఏడుగురు చేరి ఇద్దరే మిగిలితే ఆ ఐదుగురూ ఏమయ్యారని అడగాల్సిందే. పెద్ద యూనివర్సిటీ ముందే తీసుకెళ్లి ఉంటే సంతోషమే. మార్కులు చాలక ఆడే అర్హత పోయి ఉండొచ్చు, డబ్బులు సరిపోకపోయి ఉండొచ్చు, కోచ్‌తో పడకపోయి ఉండొచ్చు. తర్వాత సోఫమోర్ల పేర్లు ఒక్కొక్కటీ నెట్‌లో వెతుకు. నాలుగేళ్ల యూనివర్సిటీ జట్టులో చేరినవాళ్ల పేజీలో ఇంతకుముందు ఎక్కడ ఆడారో కూడా ఉంటుంది. ఎవరు ఎక్కడికి వెళ్లారో కాగితం మీద రాసుకో. ఒక సాయంత్రం పని. ఏ బ్రోషరూ నీకు ఇంత చెప్పదు.

దొరకని పేర్ల గురించి కోచ్‌ను మర్యాదగా అడుగు: "పోయినేడాది ఫ్రెష్‌మన్‌గా ఆడిన ఫలానా అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందండీ?" మంచి కోచ్‌కి జవాబు నోటి చివరే ఉంటుంది. తన పిల్లలు ఏ ఊళ్లో ఏం చదువుతున్నారో చెప్తూ ఉత్సాహపడిపోతారు. మాట దాటేస్తే అది కూడా జవాబే.

ఇక మీ నాన్న పట్టుకుని కూర్చున్న స్కాలర్‌షిప్ విషయం. రెండేళ్ల కాలేజీల ఆటలను నడిపే సంస్థలు ఒక్కటే కాదు. దేశంలో ఎక్కువ భాగం ఎన్‌జేసీఏఏ అనే జాతీయ సంఘం కింద ఉంది, 1938లో పెట్టింది. అందులో మూడు డివిజన్లు. మొదటి డివిజన్ కాలేజీ ట్యూషన్ (అంటే చదువుకు కట్టే డబ్బు), ఫీజులు, పుస్తకాలతో పాటు హాస్టలూ భోజనమూ కూడా ఇవ్వొచ్చు, ఏడాదికోసారి ఇంటికి రానూపోనూ ఖర్చు సహా. రెండో డివిజన్‌లో ట్యూషన్, ఫీజులు, పుస్తకాలే. మూడోదాంట్లో ఆట పేరు మీద స్కాలర్‌షిప్పే లేదు. కాలిఫోర్నియా కాలేజీలు దీంట్లో లేవు, వాళ్లకు వేరే సంఘం ఉంది. ఇక్కడ ఎంత గొప్పగా ఆడినా ఆటకు పైసా ఇవ్వరు. వాషింగ్టన్, ఆరెగాన్ వైపు ఇంకో సంఘం.

అయినా "ఫుల్ ట్యూషన్" అన్న మాట విని పొంగిపోవద్దని నాన్నకు చెప్పు. సొంత జిల్లా కాలేజీలో చదివేవాళ్లకు టెక్సస్‌లో ట్యూషనే తక్కువ. దాన్ని మాఫీ చేసినందువల్ల ఇంటికి మిగిలేది పెద్ద మొత్తం కాదు. తూర్పు టెక్సస్ వాళ్లు హాస్టలూ భోజనమూ ఇస్తామంటున్నారంటే అది నిజంగా విలువైన సాయం. కానీ కాగితం చదువు. ఎన్‌జేసీఏఏ ఒప్పందం ఒక్క విద్యా సంవత్సరానికే. రెండో ఏడాది సంగతి సంతకం పెట్టకముందే అడుగు: భుజం నొప్పితో ఒక సీజన్ ఆడలేకపోతే ఏం చేస్తారు, ఇప్పుడున్న కోచ్ వెళ్లిపోతే ఏం చేస్తారు, ఇంతకుముందు ఇలా జరిగినప్పుడు ఏం చేశారు. నోటిమాటగా చెప్పినదాన్ని మెయిల్లో పెట్టమను.

నా దగ్గరికి రావడం నాకు ఎంత ఇష్టమో నీకు తెలుసు. కానీ లెక్క లెక్కే. ఒక్కో క్లాసుకు ఇన్ని యూనిట్లని లెక్క, కాలిఫోర్నియా నివాసికి యూనిట్‌కు 46 డాలర్లే. బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లకు దానికి అనేక రెట్లు. ఇక్కడ నివాసిగా లెక్కలోకి రావాలంటే ఏడాది పైగా ఉండాలి, పైగా నీకింకా 18 నిండలేదు గనక మీ అమ్మానాన్నలు ఎక్కడుంటే నీ నివాసం కూడా అక్కడే అంటారు. ఆట కోసం ఇంత ఖర్చు పెట్టి రమ్మని నేను చెప్పను.

ఇప్పుడు అసలు విషయం, యూనిట్లు. దీని మీద నాకున్న పట్టింపు నీకు చాదస్తంలా కనబడినా సరే. ఎన్‌జేసీఏఏలో అయినా కాలిఫోర్నియాలో అయినా సీజన్ నడుస్తున్నప్పుడు 12 యూనిట్లు చదువుతూ ఉండాలి. రెండో సీజన్ ఆడాలంటే 24 యూనిట్లు పూర్తిచేసి జీపీఏ (గ్రేడ్ల సగటు) 2.0 ఉండాలి. నాలుగేళ్ల యూనివర్సిటీల ఆటల సంఘం ఎన్‌సీఏఏ. అందులో మొదటి డివిజన్ యూనివర్సిటీకి మారి వెంటనే ఆడాలంటే మాత్రం అక్కడ చెల్లుబాటయ్యే యూనిట్లలో 2.5 కావాలి. అంటే 2.2తో రెండేళ్లూ హాయిగా ఆడేసి, చివర్లో తలుపు మూసుకుపోయిందని తెలుసుకునే పిల్లలుంటారు. వాళ్లను నేను కళ్లారా చూశాను. ఏప్రిల్లో నా ఆఫీసు గుమ్మంలో నిలబడి "ప్రొఫెసర్, ఈ బి ప్లస్‌ని ఏ చేసే వీలుందా" అని అడిగేవాళ్లు. తెలివిలేని పిల్లలు కాదు. అర్హత నిలబడితే చాలన్నట్టు సులువైన క్లాసులు పేర్చి ఇచ్చినవాళ్లకు వాళ్ల డిగ్రీ పట్టలేదు, అంతే. యూనివర్సిటీలో నువ్వు ఎంచుకున్న డిగ్రీలో ఎంత భాగం పూర్తయిందో కూడా చూస్తారు. ఏవో యూనిట్లు ఉన్నాయంటే చాలదు.

నీకు ఫిజియోథెరపీ వైపు వెళ్లాలని ఉంది కాబట్టి బయాలజీ, కెమిస్ట్రీ ల్యాబులు తప్పవు. ల్యాబు మధ్యాహ్నం, ప్రాక్టీసూ మధ్యాహ్నమే. కోచ్‌ను ఈ ఒక్క ప్రశ్న సూటిగా అడుగు: "మంగళవారం మధ్యాహ్నం నాకు కెమిస్ట్రీ ల్యాబు ఉంటే ఆ రోజు ప్రాక్టీసు ఎలా?" ఒక కోచ్ పొద్దున్నే బుట్టెడు బంతులతో వచ్చి ల్యాబు ఉన్న అమ్మాయిలకు విడిగా సర్వ్ చేయించడం నాకు తెలుసు. ఇంకో చోట "ఆ క్లాసు వేసవిలో తీసుకో" అనేవాళ్లు. వేసవిలో ఆ క్లాసు పెట్టేవాళ్లే కాదు. ఆటగాళ్లకు ముందుగా రిజిస్టర్ చేసుకునే అవకాశం ఉందో లేదో కూడా కనుక్కో. మంచి ల్యాబు సెక్షన్లు గంటల్లో నిండిపోతాయి.

ప్రోగ్రెస్ రిపోర్టు గురించి కూడా అడుగు. చాలా కాలేజీల్లో కొన్ని వారాలకోసారి ఆటగాళ్లు టీచర్ల దగ్గరికి ఒక కాగితం తెస్తారు. హాజరు ఎంత, ఇప్పటిదాకా గ్రేడెంత, ఏమైనా ఇబ్బంది ఉందా అని మూడు గడులు. నేను "క్విజ్‌లు రాయడం లేదు" అని రాసి ఇచ్చిన మర్నాడే కొందరు కోచ్‌లు ఫోన్ చేసేవాళ్లు. కొన్ని జట్ల నుంచి సెమిస్టరంతా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆ కాగితం ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు అని అడుగు. ఆటగాళ్ల కోసమే ఒక కౌన్సిలర్ ఉన్నారా? ఉంటే కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు కోచ్ కన్నా ముందు వాళ్లను కలువు. టెక్సస్‌లో ఉంటే నీకు ఒక మేలుంది. 42 గంటల (యూనిట్లనే అక్కడ గంటలంటారు) కోర్ కరిక్యులమ్, అంటే అందరూ చదవాల్సిన క్లాసులు, మొత్తం పూర్తిచేస్తే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలు దాన్ని అలాగే ఒప్పుకోవాలి. నీ ల్యాబులు దానికి అదనంగా ఎలా సర్దాలో ఆ కౌన్సిలర్ రెండేళ్ల ప్లాను వేసి చూపించగలగాలి.

ఒక పని మాత్రం ఈ నెలలోనే చెయ్యి. కమ్యూనిటీ కాలేజీకే వెళ్తున్నా సరే, ఆటగాళ్ల అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్లో పేరు నమోదు చేయించుకో. హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, వాటిలో 2.3 జీపీఏ ఉండి ఇప్పుడే అర్హురాలివని తేలితే తర్వాత యూనివర్సిటీకి మారడం చాలా తేలిక. లేకపోతే అసోసియేట్ డిగ్రీ పూర్తిచేసి, ఇంకా బోలెడు షరతులు దాటి రావాలి. రెండేళ్ల కాలేజీలో ఆడిన సీజన్లు ఎన్‌సీఏఏ లెక్కలో ఎలా పడతాయన్నది మాత్రం 2024 డిసెంబరులో డియెగో పావియా అనే ఫుట్‌బాల్ ఆటగాడు దీని మీదే వేసిన కేసులో కోర్టు ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి కదులుతూనే ఉంది. సీనియర్లు చెప్పేది పాత రూలు కావచ్చు. నువ్వు మారదలచుకున్న యూనివర్సిటీలో ఈ రూల్స్ చూసే కంప్లయెన్స్ ఆఫీసునే అడుగు.

ఆట సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. అయినా ఒక మాట. జట్టులో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్. అంటే నిజంగా ఆడేది కొద్దిమందే. రోస్టర్లో ఉన్న ప్రతి అమ్మాయి యూటీఆర్ (టెన్నిస్ ఆటగాళ్ల స్థాయి చెప్పే రేటింగు) చూసి నీదానితో పోల్చుకో. ఎన్‌జేసీఏఏ పెద్ద జట్లలో విదేశాల నుంచి వచ్చిన, వయసులో నీకన్నా పెద్దవాళ్లు ఉంటారు. టైలర్ జూనియర్ కాలేజీ లాంటి రెండేళ్ల కాలేజీల్లో టెన్నిస్‌లో జాతీయ టైటిళ్లు గెలవడం ఆనవాయితీ. అలాంటి జట్టులో ఎనిమిదో స్థానంలో బెంచీ మీద కూర్చోవడం నీకు మేలు చెయ్యదు. మొదటి రోజే నంబర్ వన్ అయిపోయే జట్టులో ప్రాక్టీసుకు దీటైనవాళ్లు దొరకరు. మూడు, నాలుగు స్థానాల్లో మొదలయ్యే చోటు వెతుక్కో. వచ్చే ఏడాదికి ఇంకా ఎంతమందితో సంతకాలు చేయించారో కోచ్‌ను అడగడానికి మొహమాటపడకు.

డబ్బు ఎక్కడ ఖర్చు పెడుతున్నారో చూడ్డానికి మంచి సాధనం ఉంది. 1994 నాటి చట్టం ప్రకారం ఆటల జట్లున్న కాలేజీలు మగపిల్లల జట్లకెంత, ఆడపిల్లల జట్లకెంత ఖర్చు చేశాయో, ఎంతమంది ఆడారో, హెడ్ కోచ్ ఫుల్‌టైమా పార్ట్‌టైమా అన్నది కూడా ఏటా కేంద్ర విద్యాశాఖకు చెప్పాలి. ఆ శాఖ సైట్లో ఎవరైనా చూడొచ్చు. ఆడపిల్లల టెన్నిస్ ఆట ఖర్చును ఆడినవాళ్ల సంఖ్యతో భాగించి మూడు కాలేజీలనూ పోల్చు. పార్ట్‌టైం కోచ్ అయినంత మాత్రాన తీసిపారెయ్యకు, వాళ్లలో బంగారం లాంటివాళ్లున్నారు. కాకపోతే నీ కోసం యూనివర్సిటీ కోచ్‌లకు ఫోన్లు చేసే తీరిక ఆయనకు ఉందో లేదో కనుక్కోవాలి.

కాలేజీ చూడ్డానికి వెళ్తే మామూలు ప్రాక్టీసు రోజున వెళ్లు. గాయాలు చూసుకునే అథ్లెటిక్ ట్రైనర్ ఉన్నారేమో, మ్యాచ్‌లకు వస్తారేమో చూడు. కాలేజీ ఇన్సూరెన్సు సాధారణంగా మన ఇన్సూరెన్సు కట్టాక మిగిలినదానికే వర్తిస్తుంది, ఆ కాగితం అమ్మకు చూపించు. హాస్టలైతే మెస్సులో ఒక పూట తిను. నువ్వు గుడ్డు కూడా ముట్టవు కదా, బస్సులో వెళ్లిన రోజు దారిలో నీకేం పెడతారో ముందే అడుగు. వీలైతే జట్టు మానేసిన అమ్మాయి ఒకరితో పది నిమిషాలు మాట్లాడు.

"కమ్యూనిటీ కాలేజీ అంటే నలుగురూ ఏమనుకుంటారు" అని మీ నాన్న అంటున్నాడట. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ రాడ్జర్స్ బ్యూట్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీలో ఒక ఏడాది ఆడాకే బర్కిలీ యూనివర్సిటీకి వెళ్లాడు. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఆటగాడు జిమ్మీ బట్లర్ మొదలుపెట్టింది టైలర్‌లోనే. అన్నయ్యతో నేను మాట్లాడతాను, ఆ భారం నువ్వు పెట్టుకోకు.

శుక్రవారం తూర్పు టెక్సస్ కోచ్ ఫోన్ చేస్తారన్నావు. ఈలోగా ఆ రోస్టర్ల పని చేసి కాగితం ఫొటో తీసి నాకు పంపు. ఆ రోజు సంతకం గురించి ఎంత తొందరపెట్టినా "మా ఇంట్లోవాళ్లతో మాట్లాడి చెప్తానండీ" అను, అంతకుమించి ఏమీ ఒప్పుకోకు.

ప్రేమతో,
నీ అత్త