ఇల్లు కొనేముందు రేడాన్ టెస్ట్ మర్చిపోకు

చిన్నా,

పెన్సిల్వేనియాలోని ఎక్స్‌టన్‌లో ఇల్లు ఖాయం చేసుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది, సంతోషం. బేస్‌మెంట్‌లో నీ ఆఫీసు, అమ్మానాన్నలు వస్తే వాళ్లకో పడకగది అన్నావట, అందుకే రాస్తున్నాను. ఇన్‌స్పెక్షన్‌తో పాటు రేడాన్ టెస్ట్ కూడా పెట్టించు. కొత్త ఇల్లు కదా అక్కర్లేదని ఏజెంట్ అంటే వినకు, పక్కింట్లో తక్కువ వచ్చిందన్నా నమ్మకు, ఏ ఇంటి లెక్క ఆ ఇంటిదే.

రేడాన్ అంటే నేలలోని యురేనియం నుంచి పుట్టే గ్యాస్, రంగూ వాసనా ఉండవు, పునాది పగుళ్లలోంచి, బేస్‌మెంట్‌లో చేరే నీళ్లు తోడే సంప్ పంప్ గుంటలోంచి ఇంట్లోకి చేరుతుంది. లంగ్ క్యాన్సర్‌కి సిగరెట్ తర్వాత పెద్ద కారణం ఇదే. 1984లో మీ దగ్గరే, లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు డ్యూటీకి వస్తుంటే రేడియేషన్ అలారం మోగింది, ప్లాంటు అప్పటికి ఇంకా కరెంటు ఇవ్వడమే మొదలుపెట్టలేదు. తీరా చూస్తే అదంతా ఆయన ఇంట్లోని రేడాన్ నుంచి అంటించుకొచ్చింది!

టెస్ట్‌కి 12 గంటల ముందు నుంచి, టెస్ట్ నడిచే 48 గంటలూ కిటికీలు తలుపులు మూసి ఉండాలి (వచ్చీపోయేటప్పుడు తప్ప). హీటర్, ఏసీ మామూలుగా నడవొచ్చు. అమ్మేవాళ్లు ఇంకా అందులోనే ఉంటే ఎవరు ఏ కిటికీ తీశారో మనకేం తెలుసు, కాబట్టి గంటగంటకీ రీడింగ్ తీసే మెషీనే పెట్టమని, ఆ రిపోర్ట్ మొత్తం ఇమ్మని అడుగు. రీడింగ్ ఉన్నట్టుండి పడిపోయినట్టు కనిపిస్తే ఎవరో కిటికీ తీశారని అనుమానించాల్సిందే.

లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియేషన్ కొలత అది), ఆపైన వస్తే బాగు చేయించాలి. 2కీ 4కీ మధ్య వచ్చినా ఆలోచించాలనే ఇ.పి.ఎ. (అమెరికా పర్యావరణ సంస్థ) చెబుతుంది, అమ్మానాన్నలు నెలల తరబడి కింద పడుకునే ఇల్లు కాబట్టి నేనైతే అప్పుడూ చేయిస్తాను. స్లాబు కింది నుంచి పైపు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని కప్పు పైకి పంపేస్తారు. ఆ ఖర్చు అమ్మేవాళ్లనే అడుగు, మొహమాటపడకు.

పైపు ముందే ఉంటే దానికి తగిలించిన యూ ఆకారపు గొట్టం చూడు. రంగునీళ్లు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ ఉంటే ఫ్యాన్ లాగుతున్నట్టు. రెండువైపులా సమంగా ఉంటే అది పనిచేయట్లేదు.

చేరాక చలికాలంలో నువ్వే ఇంకోసారి టెస్ట్ కిట్ పెట్టుకో, ఇల్లంతా మూసి ఉండే రోజుల్లో సాధారణంగా ఎక్కువే చూపిస్తుంది. వంటగదిలో, బాత్‌రూమ్‌లో వద్దు, నీ డెస్క్ పక్కనే, నేలకి 20 అంగుళాల పైన పెట్టు. బొగ్గుతో రేడాన్ పట్టే కిట్ అయితే తీసిన రోజే ల్యాబ్‌కి పోస్ట్ చెయ్, ఆలస్యమైతే లెక్క చెడుతుంది.

ఇన్‌స్పెక్షన్ గడువు ఎప్పటికో కాంట్రాక్ట్‌లో చూసి, ఇవాళే ఏజెంట్‌కి మెయిల్ పెట్టు.

మామయ్య