సముద్రంలో ఇనుము చల్లితే ఎండలు తగ్గుతాయా?

ప్రశ్న: మనం పీల్చే ఆక్సిజన్‌లో సగం సముద్రంలోని సూక్ష్మజీవులే ఇస్తున్నాయనీ, నీళ్లలో కాస్త ఇనుము చల్లి వాటిని పెంచితే భూమి వేడెక్కడం ఆగిపోతుందనీ మా స్కూలు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎనిమిదో తరగతి పిల్లలు "నిజమేనా టీచర్?" అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక సైన్స్ టీచర్, కాకినాడ

జవాబు: టీచర్ గారూ, అందులో మొదటి మాట సగమే నిజం. రెండో మాటను నిజంగానే ఓడలేసుకుని వెళ్లి పరీక్షించి చూశారు, వాళ్లలో మన దేశపు శాస్త్రవేత్తలూ ఉన్నారు. పిల్లలకు ఆ కథ తప్పకుండా చెప్పండి.

ముందు ఆక్సిజన్ సంగతి. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోనే జరుగుతుంది, చేసేవి ఎక్కువగా కంటికి కనిపించని జీవులే. ఉదాహరణకు ప్రొక్లోరోకాకస్ అనే బ్యాక్టీరియా సైజు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. కొన్ని చోట్ల ఒక్క మిల్లీలీటరు నీళ్లలో లక్షకు పైగా ఉంటాయి. ఇంత సంఖ్యలో ఉన్న జీవిని మనిషి గుర్తించింది 1980ల్లో, అంటే చంద్రుడి మీద కాలు పెట్టి చాలా ఏళ్లయ్యాక! అయితే సముద్రంలో తయారైన ఆక్సిజన్ దాదాపు అంతా సముద్రంలోనే ఖర్చయిపోతుంది. అక్కడి బ్యాక్టీరియా, చేపలు, మిగతా ప్రాణులు దాన్ని వాడేసుకుంటాయి. మనం పీల్చేది కోట్ల ఏళ్లుగా గాలిలో పోగుపడిన నిల్వ, అది ఇవాళో రేపో అయిపోయేది కాదు. కాబట్టి "సముద్రం చస్తే మనకు ఊపిరాడదు" అని పిల్లల్ని భయపెట్టాల్సిన పని లేదు. నిజంగా టెన్షన్ పడాల్సింది కార్బన్ గురించి.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం తీసుకుంటోంది. ఇందులో ఎక్కువ భాగం ఉత్తినే నీళ్లలో కరిగిపోవడం, దాంట్లో సూక్ష్మజీవుల గొప్పేమీ లేదు. వాటి అసలు పని వేరే ఉంది. పైన ఎండలో పెరిగిన జీవులు చచ్చాక, లేదా వాటిని తిన్న చిన్న ప్రాణులు విసర్జించాక, ఆ ముక్కలు లోతుకు దిగుతాయి. దారిలోనే బ్యాక్టీరియా చాలావరకు తినేసి మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఎంతో కొంత మాత్రం కిలోమీటరు కిందికి చేరితే, ఆ కార్బన్ వందల ఏళ్ల దాకా పైకి రాదు. యుగాలుగా ఈ పని సాగుతూ ఉండబట్టే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇంతమేరకైనా తక్కువగా ఉంది.

ఇక ఇనుము. అంటార్కిటికా చుట్టూ ఉన్న దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్, ఫాస్ఫేట్ లాంటి పోషకాలు పుష్కలంగా ఉంటాయి, అయినా ప్లాంక్టన్ (నీళ్లలో తేలుతూ బతికే ఈ సూక్ష్మజీవులు) పెద్దగా పెరగదు. కారణం, అక్కడి నీళ్లలో ఇనుము దాదాపు లేదు. జాన్ మార్టిన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1988లో ఒక ఉపన్యాసంలో, నాకు సగం ట్యాంకర్ ఇనుము ఇవ్వండి, మీకు మంచు యుగం తెచ్చిస్తానన్నాడు. అన్నది సరదాకే గానీ ఆలోచన మాత్రం సీరియస్‌ది, ఆ తర్వాత డజనుకు పైగా ప్రయోగాలు జరిగాయి.

వాటిలో ఒకటి మనది. 2009 మొదట్లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి లోహాఫెక్స్ పేరుతో పోలార్‌స్టెర్న్ అనే ఓడలో కేప్‌టౌన్ నుంచి బయల్దేరాయి. పర్యావరణ సంఘాలు అభ్యంతరం చెప్పడంతో కొన్నాళ్లు ఆగి, అనుమతి వచ్చాక దక్షిణ అట్లాంటిక్‌లో ఒక పెద్ద సుడి మధ్య 300 చదరపు కిలోమీటర్ల నీళ్లలో 6 టన్నుల ఇనుము కలిపి, 39 రోజుల పాటు ఆ నీళ్లతోనే తిరుగుతూ ఏం జరుగుతోందో చూశారు. మొదటి రెండు వారాల్లో ప్లాంక్టన్ రెట్టింపయింది. అక్కడితో సరి. పెరిగిన వాటిని కోపెపాడ్స్ అనే రొయ్య జాతి చిన్న ప్రాణులు తినేశాయి, వాటిని వాటికంటే పెద్దవి తినేశాయి. లోతుకు దిగిన కార్బన్ బహు స్వల్పం.

ఎందుకలా అయింది? గాజులాంటి పెంకు ఉండే డయాటమ్స్ అనే ప్లాంక్టన్ పెరిగి ఉంటే వాటిని తినడం అంత తేలిక కాదు, గుంపులుగా అతుక్కుని బరువెక్కి మునుగుతాయి. ఆ పెంకు కట్టుకోవడానికి సిలికా కావాలి. ఆ సుడిలో సిలికా అప్పటికే అయిపోయింది. 2004లో సిలికా ఉన్న నీళ్లలో చేసిన ఇలాంటి ప్రయోగంలో పెరిగిన దాంట్లో సగానికి పైగా వెయ్యి మీటర్ల కిందికి దిగింది. అంటే ఎరువు ఎంత వేశామన్నది కాదు, ఏ జీవి పెరిగింది, దాన్ని ఎవరు తిన్నారు అన్నదే లెక్క. దాన్ని మనం ఆజ్ఞాపించలేం.

నా అభిప్రాయం అడిగితే, ఇలాంటి పరిశోధన ఆగకూడదు, వ్యాపారం మాత్రం మొదలవకూడదు. ఇనుము చల్లి కార్బన్ క్రెడిట్లు (ఇంత కార్బన్ తగ్గించామని చూపి అమ్మే పత్రాలు) అమ్ముకుందామని చూసిన కంపెనీలున్నాయి. ఒక చోట పోషకాలు అలా వాడేస్తే ఆ నీళ్లు ప్రవహించి వెళ్లే మరో చోట చేపలకు తిండి తగ్గుతుంది. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాస్తారు? పొగ తగ్గించే పనిని వాయిదా వేసుకోవడానికి సముద్రాన్ని సాకుగా వాడుకోవడం చాలా తప్పు.

ప్రశ్న: మాది ఉప్పాడ. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే సముద్రానికి బలమని నాన్న అంటాడు. కాలేజీలో సార్ మాత్రం బంగాళాఖాతం కింద ఆక్సిజన్ లేదు, ప్రమాదం అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఇద్దరి మాటా నమ్ము తమ్ముడూ, ఇద్దరూ చెప్పేది ఒకే నీటి గురించే.

గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడటంతో బంగాళాఖాతం పైన తక్కువ ఉప్పున్న తేలిక నీటి పొర ఒకటి నిలుస్తుంది, పాలమీద మీగడలా. గాలులు వీచినా అది కింది నీళ్లతో అంత సులువుగా కలవదు. దాంతో లోతులో ఉన్న పోషకాలు పైకి రావు, పైనున్న ఆక్సిజన్ కిందికి పోదు. దాదాపు వంద మీటర్ల కింద నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఆక్సిజన్ దాదాపు సున్నా. నాన్నగారు చెప్పిన బలం కూడా ఉంది. నది తెచ్చే పోషకాలు తీరం దగ్గర పనికొస్తాయి. పైగా ఆ మట్టి రేణువులు చచ్చిన ప్లాంక్టన్‌కు అతుక్కుని దాన్ని త్వరగా అడుగుకు దించుతాయనీ, బ్యాక్టీరియాకు మధ్యలో తినే టైమ్ తక్కువ దొరకడం వల్లే ఇక్కడ ఆ కాస్త ఆక్సిజన్ అయినా మిగిలిందనీ చాలామంది శాస్త్రవేత్తలు అంటారు.

ఆ "కాస్త" ఎంత ముఖ్యమో 2017లో డెన్మార్క్, జర్మనీ, గోవా శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పరిశోధన చూపించింది. ఆక్సిజన్ లేని చోట కొన్ని బ్యాక్టీరియా నైట్రేట్‌తో బతుకుతూ దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి సముద్రం నుంచి బయటికి పంపేస్తాయి. అరేబియా సముద్రంలో ఈ పని భారీగా జరుగుతోంది. బంగాళాఖాతంలోనూ ఆ బ్యాక్టీరియా ఉన్నాయి, సరంజామా అంతా ఉంది, కానీ మామూలు పరికరాలకు కూడా అందనంత కొద్దిపాటి ఆక్సిజన్ వాటి పనిని అడ్డుకుంటోంది. ఆ కొద్దిదీ పోతే పని మొదలవుతుంది, సముద్రం నైట్రేట్ అనే తన ఎరువును పోగొట్టుకుంటుంది. ఆక్సిజన్ తరిగే నీళ్ల అంచుల్లో నైట్రస్ ఆక్సైడ్ కూడా పుడుతుంది, భూమిని వేడెక్కించడంలో అది టన్నుకు టన్ను కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు ఎక్కువ. పశ్చిమ తీరంలో వానాకాలం చివర్లో తీరానికి దగ్గరగా అడుగునీళ్లలో ఆక్సిజన్ పూర్తిగా పోయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టడం ఇప్పటికే చూశారు.

ప్రపంచ సముద్రాల్లో ఆక్సిజన్ 1960 నుంచి 2010 లోపు దాదాపు 2 శాతం తగ్గింది. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, పై పొర కింది నీళ్లతో కలవడం ఇంకా కష్టమవుతుంది. దానికి తోడు మన పొలాల యూరియా, పట్టణాల మురుగు నదుల్లో పడి సముద్రానికి చేరుతున్నాయి. వేడిని ఉప్పాడ ఒక్కటే ఆపలేదు గానీ, ఈ రెండూ మాత్రం మన రాష్ట్రాల చేతిలో ఉన్నవే, వాటిని ఆపకపోవడానికి ఏ సాకూ లేదు.

ఇంకో మాట. చేపలు ఎక్కడ పడొచ్చో చెబుతూ మీ ఊరి పడవలకు వచ్చే సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇస్తుంది కదా, అది ఉపగ్రహం నుంచి నీటి వేడిని, నీటి రంగును చూసి చెప్పేది. ఆ రంగు ఈ సూక్ష్మజీవుల పచ్చదనమే. నాన్నగారి వేటా, మీ సార్ పాఠమూ మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: రాత్రిపూట అలలు నీలంగా మెరిసే వీడియోలు చూశాం. ఆ నీళ్లలో దిగొచ్చా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీ ఊళ్లోనే 2019 ఆగస్టులో అలా మెరిసింది, అది నాక్టిల్యూకా అనే ఏకకణ జీవి. నీళ్లు కదిలితే వెలుగుతుంది. అది మనల్ని కుట్టదు, అయినా గుంపులుగా పేరుకున్నప్పుడు దాని నుంచి అమ్మోనియా వస్తుంది, ఆక్సిజన్ తగ్గి చేపలు చావొచ్చు. నురగ చిక్కగా ఉన్నా, వాసన వస్తున్నా దిగకండి. అరేబియా సముద్రంలో ఈ జాతిలోనే ఆకుపచ్చది 2000 తర్వాత శీతాకాలాల్లో విపరీతంగా పెరిగి, చేపలకు తిండయిన డయాటమ్స్ చోటును ఆక్రమిస్తోంది. దాన్ని ఎక్కువగా తినేవి జెల్లీలాంటి ప్రాణులు, అవి మన వలలకు లాభం తేవు. ఆక్సిజన్ తగ్గడమే కారణమని కొందరు, కాదు, పోషకాలున్న చల్లని నీళ్లే కారణమని మరికొందరు అంటున్నారు, ఆ వాదన ఇంకా తేలలేదు.