రెటీనా ఆపరేషన్‌లో వాడిన కట్టర్‌ను మళ్లీ వాడితే తప్పేమిటి?

గుంటూరులో నాన్నగారికి రెటీనా ఆపరేషన్ ఉందని, ఒకసారి వాడి పారేయాల్సిన పరికరాలను స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడితే ప్రమాదమా అని అడిగారు.

క్రిములు చావడం ఒక్కటే సరిపోదండీ. కంటి లోపలి విట్రియస్ జెల్‌ను కత్తిరించి పీల్చే కట్టర్‌నే తీసుకోండి. 25 గేజ్ రకమైతే దాని గొట్టం మందమే సుమారు అర మిల్లీమీటరు. లోపల ఇరుక్కున్న పాత రోగి కణజాలం ఏ బ్రష్షుకూ అందదు. ఆ మురికి చాటున ఉన్న క్రిములను, పరికరాలను స్టెరిలైజ్ చేయడానికి వాడే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు కూడా నమ్మకంగా చంపలేదు. అన్నీ చచ్చినా, మిగిలిన ప్రొటీనో డిటర్జెంటో కంట్లో వాపు తేవచ్చు. ఎండాఫ్తాల్మైటిస్ అనే ఇన్ఫెక్షన్ వస్తే చూపే పోవచ్చు.

చాలామంది పట్టించుకోనిది పదును. నిమిషానికి వేలసార్లు ఆడే బ్లేడు మొద్దుబారితే జెల్‌ను తెంపకుండా లాగుతుంది. ఆ లాగుడుకు రెటీనా చిరగవచ్చు.

ప్యాకెట్ మీద వలయంలో 2 అంకె, దానికి అడ్డగీత ఉంటే మళ్లీ వాడకూడదని అర్థం. ఖర్చు తగ్గించడానికి కొన్నిచోట్ల మళ్లీ వాడుతున్న మాట నిజమే. అందుకే కొత్త ప్యాకెట్ విప్పుతారా అని డాక్టరుగారిని ముందే అడగండి, మొహమాటపడకండి. బిల్లులో కొత్తదాని ధర వేస్తే ఆ ప్యాకెట్ స్టిక్కర్‌ను కేసు షీటులో అంటించమనండి. ఆపరేషన్ తర్వాత నొప్పి పెరిగినా, చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.